కదలిక ఎక్కడికి పోయింది? సిమ్యులేషన్‌లో డాంపింగ్ రకాలు

(హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ విద్యార్థులు, యువ ఇంజినీర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆఫీసులు వదిలే వేళ మాదాపూర్, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని డాంపింగ్ గురించి వినడానికి ఇంతమంది రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ హాల్లో బిల్డింగులు డిజైన్ చేసేవాళ్లున్నారు. కార్లకు, విమాన భాగాలకు సిమ్యులేషన్ చేసేవాళ్లున్నారు. ఎం.టెక్ చదువుతున్న పిల్లలున్నారు. మీరు వాడే సాఫ్ట్‌వేర్లు వేరు, మోడళ్లు వేరు. కానీ అందరి ఇన్‌పుట్ ఫైల్లోనూ డాంపింగ్ అనే ఒక అంకె ఉంటుంది, అంటే ఊగే వస్తువులో ఊపు ఎంత త్వరగా తగ్గిపోతుందో చెప్పే అంకె. అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే చాలామంది "పాత ప్రాజెక్టులో అలాగే ఉంది సర్" అంటారు. మాస్ ఎంతో డ్రాయింగు చూసి లెక్క కట్టగలం. స్టిఫ్‌నెస్, అంటే వంగకుండా నిలిచే బిగువు, కూడా అంతే. డాంపింగ్ ఏ డ్రాయింగులోనూ ఉండదు. అందుకే దాని మీద ఇంత సేపు మాట్లాడాలనుకున్నాను.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మనకు రెండు వందల కిలోమీటర్లకు పైనే దూరం. అయినా హైదరాబాద్‌లో పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు తెలిసింది. భూమి కదిలింది, బిల్డింగు ఊగింది, కాసేపటికి ఆగింది. ఊగుతున్నప్పుడు అందులో ఉన్న శక్తి ఆగిన తర్వాత ఏమైంది? కొంత పగుళ్ల మధ్య రాపిడిలో, కొంత గోడలకూ ఫ్రేముకూ మధ్య సందుల్లో, కొంత కాంక్రీటు లోపల వేడిగా మారింది. కొంత పునాది గుండా తిరిగి భూమిలోకి వెళ్లిపోయింది. డాంపింగ్ అన్నప్పుడల్లా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: శక్తి ఏ దారిన బయటికి పోయింది? దారి తెలిస్తే ఏ మోడల్ వాడాలో తెలుస్తుంది. తెలియకపోతే మీరు రాసిన 5 శాతానికి అర్థం లేదు.

ముందు సమీకరణం. మాస్ ఇంటూ త్వరణం, ప్లస్ డాంపింగ్ ఇంటూ వేగం, ప్లస్ స్టిఫ్‌నెస్ ఇంటూ స్థానభ్రంశం. ఈ మూడూ కలిస్తే బయటినుంచి వచ్చే బలం. మధ్యలో ఉన్న పదాన్ని విస్కస్ డాంపింగ్ అంటాం, అంటే వేగం ఎంతో నిరోధం అంత. కారు షాక్ అబ్సార్బర్‌లో, బ్రిడ్జిలకు పెట్టే ఆయిల్ డాంపర్లలో ఇది దాదాపు నిజం. మామూలు బిల్డింగులో ఎక్కడా ఆయిల్ ఉండదు. అయినా అక్కడ కూడా ఇదే పదం వాడతాం, ఎందుకంటే అలా రాస్తే సమీకరణం లీనియర్‌గా ఉండి సులువుగా తేలుతుంది. ఇది మన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటని మర్చిపోకూడదు.

ఊగకుండా నేరుగా తన చోటికి వచ్చి ఆగడానికి కావలసిన కనీస డాంపింగ్‌ను క్రిటికల్ డాంపింగ్ అంటాం. మన డాంపింగ్ అందులో ఎన్నో వంతో చెప్పేది జీటా. ఈ అంకెకు ఎంత బలముందో చూడండి. 5 శాతం ఉంటే రెండు ఊపులు దాటేసరికి కదలిక సగమవుతుంది. 1 శాతమైతే సగమవడానికి పదకొండు ఊపులు కావాలి. రెసొనెన్స్‌లో, అంటే బయటి బలం వస్తువు సొంత ఊపు లయలోనే ఊపుతుంటే, మెల్లగా నెట్టినప్పటి స్టాటిక్ కదలికకు ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది ఒకటి బై రెండు జీటా. 5 శాతానికి 10 రెట్లు, 2 శాతానికి 25 రెట్లు, 1 శాతానికి 50 రెట్లు. స్టిఫ్‌నెస్‌లో పది శాతం తప్పు పోతే రివ్యూలో కూర్చోబెట్టి అడుగుతారు. డాంపింగ్ 1 రాయాల్సిన చోట 2 రాస్తే జవాబు సగానికి పడిపోతుంది, దాన్ని ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఇప్పుడు మన కోడ్‌లు చూద్దాం. ఐఎస్ 1893, 2002 నాటి ప్రతిలో భూకంపం లెక్కకు స్టీలు బిల్డింగులకు 2 శాతం, ఆర్‌సీసీకి 5 శాతం తీసుకోమన్నారు. 2016 సవరణలో ఏ మెటీరియల్ అయినా 5 శాతమే అన్నారు. అదే బిల్డింగుకు గాలి లెక్క చేయడానికి ఐఎస్ 875 మూడో భాగం తెరిస్తే ఆర్‌సీసీకి 2 శాతం, వెల్డింగ్ స్టీలుకు 1 శాతం, బోల్ట్ స్టీలుకు 2 శాతం కనిపిస్తాయి. ఒకే టవర్, ఒకే కాంక్రీటు, భూకంపానికి 5, గాలికి 2. విద్యార్థులు దీన్ని చూసి కోడ్‌లు ఒకదానితో ఒకటి పొసగడం లేదనుకుంటారు. రెండూ సబబే. పెద్ద భూకంపంలో కాంక్రీటు పగులుతుంది, సందులు జారతాయి, శక్తి పోవడానికి కొత్త దారులు తెరుచుకుంటాయి. రోజూ వీచే గాలికి అవేవీ తెరుచుకోవు. స్టీలు సంగతి ఇంకా ముఖ్యం. వెల్డింగ్‌లోనూ బోల్ట్‌లోనూ ఉన్నది అదే స్టీలు. తేడా అంతా జాయింట్లో ఉంది. కాబట్టి "స్టీలు డాంపింగ్ ఎంత సర్?" అని అడిగితే, ఏ జాయింట్, ఎంత కదలిక, ఏ లోడు అని నేను తిరిగి అడగాల్సి ఉంటుంది.

సరే, దారులను ఒక్కొక్కటిగా చూద్దాం. మెటీరియల్ లోపలి డాంపింగ్ మొదటిది. గుడిగంట మీద ఒక్క దెబ్బ కొడితే చాలాసేపు మోగుతుంది కదా. ఆ కంచులో అంతర్గత రాపిడి అంత తక్కువ. మంచి స్టీలులోనూ అంతే. రబ్బరులో దానికి వందల రెట్లు ఎక్కువ. 1927లో కింబల్, లోవెల్ అనే ఇద్దరు చాలా ఘన పదార్థాలను పరీక్షించి ఒక విషయం చూపించారు. ఒక్కో ఊపుకు పోయే శక్తి ఫ్రీక్వెన్సీ మీద పెద్దగా ఆధారపడదు. విస్కస్ మోడల్ ప్రకారమైతే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువ పోవాలి. ఈ తేడాను సరిచేయడానికి స్ట్రక్చరల్ డాంపింగ్ లేదా హిస్టరెటిక్ డాంపింగ్ అనే మోడల్ వచ్చింది. ఇందులో స్టిఫ్‌నెస్‌నే కాంప్లెక్స్ సంఖ్యగా రాస్తాం, దాని ఊహా భాగంలో లాస్ ఫాక్టర్ ఈటా ఉంటుంది.

ఇక్కడ ఆటోమొబైల్ వైపు పనిచేసేవాళ్లు జాగ్రత్తగా వినాలి. రెసొనెన్స్ దగ్గర ఈటా అంటే జీటాకు రెట్టింపు. లాస్ ఫాక్టర్ 0.04 అంటే డాంపింగ్ 2 శాతం. ఒక టీమ్ ఈటా ఇస్తే ఇంకో టీమ్ దాన్ని జీటా గడిలో పెట్టడం చాలా చోట్ల జరుగుతుంది. జవాబు సగమవుతుంది, మోడల్ మాత్రం ఏ ఎర్రరూ చూపకుండా రన్ అవుతుంది. ఇంకో సంగతి, ఈ కాంప్లెక్స్ స్టిఫ్‌నెస్ ఫ్రీక్వెన్సీ డొమైన్‌లో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా జవాబు తీసే హార్మోనిక్ అనాలిసిస్‌లో మాత్రమే చక్కగా పనిచేస్తుంది. క్షణక్షణం లెక్క కట్టే టైమ్ డొమైన్‌లోకి తెస్తే దెబ్బ తగలకముందే వస్తువు కదలడం మొదలుపెట్టినట్టు గణితం చెబుతుంది. అందుకే అలా క్షణక్షణం నడిచే ట్రాన్సియెంట్ రన్‌లో సాల్వర్లు, అంటే సమీకరణాలను తేల్చే సాఫ్ట్‌వేర్లు, దాన్ని ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర విస్కస్‌గా మార్చుకుంటాయి. ఆ ఫ్రీక్వెన్సీ ఏదో చాలాసార్లు మనమే ఇవ్వాలి. ఇవ్వకుండా వదిలేస్తే ఏమవుతుందో మీ సాల్వర్ మాన్యువల్లో చూసుకోండి.

రెండోది రాపిడి, కూలుంబ్ డాంపింగ్. బోల్ట్ జాయింట్లు, బేరింగులు, ఇటుక గోడకూ బీముకూ మధ్య సందు. దీని గుర్తు గ్రాఫులో కళ్లకు కనిపిస్తుంది. విస్కస్ అయితే శిఖరాలు వంపు తిరిగిన గీత మీద తగ్గుతాయి. రాపిడి అయితే తిన్నని గీత మీద తగ్గుతాయి. ఒక్కో ఊపుకు తగ్గేది రాపిడి బలానికి నాలుగు రెట్లు బై స్టిఫ్‌నెస్, ప్రతిసారీ అంతే. పైగా చివరికి సున్నా దగ్గర ఆగాలని లేదు, కాస్త పక్కకు జరిగి కూడా ఆగిపోవచ్చు. టెస్ట్ డేటా చేతికొస్తే ముందు శిఖరాలను కలిపి గీత గీయండి. తిన్నగా ఉంటే ఒకే జీటాతో దాన్ని ఎక్కడా సరిపెట్టలేరు.

మూడోది రేడియేషన్ డాంపింగ్. తరంగాలు భూమిలోకి వెళ్లిపోతాయి, తిరిగి రావు. ఇక్కడ శక్తి వేడిగా మారడం లేదు, మన మోడల్ హద్దు దాటి పోతోంది. మోడల్‌లో నేలను ఒక పెట్టెలా కత్తిరించి అంచులు బిగించేస్తే తరంగం గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది, బిల్డింగును మళ్లీ ఊపుతుంది. దీనికి 1969లో లిస్మర్, కూలెమేయర్ ఒక సులువైన ఉపాయం చెప్పారు. అంచుల్లో డాష్‌పాట్లు, అంటే షాక్ అబ్సార్బర్ లాంటి విస్కస్ ఎలిమెంట్లు పెట్టి, వాటి విలువను నేల సాంద్రత ఇంటూ తరంగ వేగంగా తీసుకోవాలి. నేటికీ అది వాడుకలో ఉంది. హైదరాబాద్ గ్రానైట్ మీద నేరుగా కూర్చున్న బిల్డింగుకు ఈ దారిన పోయే శక్తి తక్కువ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మెత్తటి ఒండ్రు మీద కట్టే బరువైన కట్టడానికి ఇది పెద్ద వాటానే కావచ్చు. ఇక్కడి అంకెను అక్కడికి తీసుకెళ్లకండి.

ఇక గాలి, మనుషులు. గాలి సాధారణంగా కదలికను తగ్గిస్తుంది, కానీ కొన్నిసార్లు పెంచుతుంది. 1940 నవంబర్ 7న అమెరికాలో టకోమా నారోస్ బ్రిడ్జి కూలింది అందుకే. ఊపు పెరిగేకొద్దీ గాలి దానికి ఇంకా శక్తిని అందించింది. దీన్ని నెగటివ్ డాంపింగ్ అంటాం. లండన్ మిలీనియం బ్రిడ్జి 2000 జూన్ 10న తెరిచారు, రెండు రోజులకే మూసేశారు. నడిచేవాళ్లు బ్రిడ్జి పక్కకు ఊగుతుంటే తూలిపోకుండా అడుగులు సర్దుకున్నారు, ఆ అడుగులే బ్రిడ్జిని ఇంకా ఊపాయి. ఇంజినీర్లు కొలిచి చూస్తే మనిషి పక్కకు ఇచ్చే బలం బ్రిడ్జి వేగానికి అనులోమంగా ఉంది. అంటే ప్రతి మనిషీ ఒక నెగటివ్ డాంపర్. ఒక సంఖ్య దాటాక బ్రిడ్జికి ఉన్న సొంత డాంపింగ్ చాలలేదు. 37 విస్కస్ డాంపర్లు, 52 ట్యూన్డ్ మాస్ డాంపర్లు (బ్రిడ్జి ఊపును తమలోకి లాక్కునే స్ప్రింగు మీది బరువులు) పెట్టి 2002లో మళ్లీ తెరిచారు. ఆ బ్రిడ్జి బలంలో లోపం లేదు, స్టీలు అదనంగా వేసినా పెద్దగా లాభం ఉండేది కాదు. కావలసింది శక్తికి ఒక దారి.

ఇంతవరకూ ప్రకృతిలో ఉన్నవి. ఇప్పుడు మన ఇన్‌పుట్ ఫైల్లోకి వద్దాం. అక్కడ రాజ్యమేలేది రేలీ డాంపింగ్. ఆల్ఫా ఇంటూ మాస్, ప్లస్ బీటా ఇంటూ స్టిఫ్‌నెస్. పందొమ్మిదో శతాబ్దంలో లార్డ్ రేలీ దీన్ని గణితం సులువు కావడానికి ప్రతిపాదించాడు. ఏ మెటీరియల్‌నూ కొలిచి రాసింది కాదు. రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర కావలసిన జీటా ఇస్తే ఆల్ఫా, బీటా వచ్చేస్తాయి. మిగతా ఫ్రీక్వెన్సీల్లో ఏం వస్తే అదే.

ఒక లెక్క చేద్దాం, రాసుకోండి. పదంతస్తుల బిల్డింగు, మొదటి మోడ్, అంటే అది సహజంగా ఊగే తీరుల్లో అన్నిటికంటే నెమ్మదైనది, 1 హెర్ట్జ్ అనుకోండి. 1 హెర్ట్జ్ దగ్గరా 5 హెర్ట్జ్ దగ్గరా 5 శాతం పెట్టాం. ఆల్ఫా 0.524, బీటా 0.00265 వస్తాయి. మధ్యలో 2.2 హెర్ట్జ్ దగ్గర డాంపింగ్ 3.7 శాతానికి దిగుతుంది, అది పర్వాలేదు. 20 హెర్ట్జ్ దగ్గర 17 శాతం. 50 హెర్ట్జ్ దగ్గర 42 శాతం. పై మోడ్లు మోడల్‌లో ఉన్నా లేనట్టే. ఇప్పుడు అవే ఆల్ఫా, బీటాలను కోకాపేటలో యాభై అంతస్తుల టవర్ మోడల్‌లోకి కాపీ చేశారనుకోండి. దాని మొదటి మోడ్ 0.2 హెర్ట్జ్ ఉంటే, అక్కడ వచ్చే డాంపింగ్ 21 శాతం! గాలికి 2 శాతం ఉండాల్సిన చోట 21. గాలికి వచ్చే రెసొనెంట్ ఊపు దాదాపు డాంపింగ్ వర్గమూలానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, మీ రిపోర్టులో పై అంతస్తు ఊపు మూడో వంతు కంటే తక్కువ కనిపిస్తుంది. ఆ ఫ్లాట్లో పడుకునే మనిషికి మాత్రం తగ్గదు.

ఆల్ఫాకు ఇంకో గుణం ఉంది. అది మాస్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి వస్తువు వంగకపోయినా, ఊగకపోయినా, ఊరికే కదిలినా నిరోధిస్తుంది. ఫోన్ డ్రాప్ టెస్ట్ చేసేవాళ్లు ఇది చూడాలి. ఒక మీటరు ఎత్తునుంచి పడితే నేలను తాకేటప్పటి వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఆల్ఫా 50 అని పెట్టి పడేస్తే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు దాటదు, ఎంత ఎత్తునుంచి పడినా సరే. తిరిగే బ్లేడుకు ఆల్ఫా ఇస్తే తిరుగుడునే ఆపుతుంది.

బీటా గొడవ నాన్‌లీనియర్ రన్‌లో, అంటే పగుళ్లు, శాశ్వత వంపులు లెక్కలోకి వచ్చే రన్‌లో మొదలవుతుంది. కోయినా డ్యామ్ తెలుసు కదా, మహారాష్ట్రలో. 1967 డిసెంబర్ 11న భూకంపానికి దాని కాంక్రీటు పైభాగంలో పగుళ్లు వచ్చాయి. ప్రపంచమంతటా కాంక్రీటు పగులు మోడళ్లను దాని మీద పరీక్షిస్తారు. అందులో బీటాను తొలి స్టిఫ్‌నెస్‌తో కట్టేశారనుకోండి. పగులు తెరుచుకున్నాక ఆ ఎలిమెంట్ స్టిఫ్‌నెస్ పడిపోతుంది, కానీ డాంపింగ్ మాత్రం పాత స్టిఫ్‌నెస్‌తోనే ఉంటుంది. పగులు రెండు వైపులూ వేగంగా విడిపోతుంటే డాంపింగ్ బలం వాటిని పట్టి లాగుతుంది. కాంక్రీటు తెగింది, మన అంకె అతికించింది. బిల్డింగు ఫ్రేముల్లో ప్లాస్టిక్ హింజ్‌ల దగ్గర, అంటే బీము శాశ్వతంగా వంగిపోయే చోట్ల కూడా ఇదే జరుగుతుంది. జాన్ హాల్ 2006లో, ఫిన్లీ చార్నీ 2008లో ఈ సంగతిని వివరంగా చూపించారు. నా సలహా ఏమిటంటే, కొత్త స్టిఫ్‌నెస్‌ను వెంట తీసుకెళ్లే టాంజెంట్ పద్ధతి వాడండి, లేదా మోడ్‌కో విలువ ఇచ్చే మోడల్ (modal) డాంపింగ్ వాడండి. పగుళ్లు, ప్లాస్టిసిటీ ఇప్పటికే మోడల్‌లో ఉన్నాయి కాబట్టి 5 శాతం పెట్టకండి. అదే శక్తిని రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

అక్కడ వెనకనుంచి ఒక అమ్మాయి అడుగుతోంది, "సర్, డాంపింగ్ ఏమీ ఇవ్వకపోయినా నా మోడల్‌లో ఊపు ఆగిపోతోంది, ఎందుకు?" చాలా మంచి ప్రశ్న అమ్మా. నేను చెప్పాలనుకున్న చివరి రకం అదే, న్యూమరికల్ డాంపింగ్. ఇది కట్టడంలో లేదు, కాలాన్ని చిన్న చిన్న టైమ్ స్టెప్‌లుగా కోసి లెక్క కట్టే టైమ్ ఇంటిగ్రేషన్ పద్ధతిలో ఉంది. 1959లో న్యూమార్క్ ఇచ్చిన పద్ధతిలో గామా సగం, బీటా పావు పెడితే న్యూమరికల్ డాంపింగ్ ఉండదు. ఈ బీటా వేరు, రేలీ బీటా వేరు, కలపకండి. 1977లో హిల్బర్, హ్యూస్, టేలర్ ఇచ్చిన ఆల్ఫా పద్ధతి అక్కర్లేని పై ఫ్రీక్వెన్సీ రొదను అణచి, కింది మోడ్లను దాదాపు ముట్టకుండా వదులుతుంది. అది మంచి సాధనం, నేను వాడమనే చెబుతాను. కానీ బ్యాక్‌వర్డ్ ఆయిలర్ పద్ధతి చూడండి. క్వాసి-స్టాటిక్ పనికి, అంటే చాలా మెల్లగా జరిగే కదలికలకు, చాలా సాల్వర్లు దాన్ని వాడతాయి. ఒక ఊపుకు 20 టైమ్ స్టెప్‌లు పెడితే అది తనంతట తానే సుమారు 15 శాతం డాంపింగ్ వేస్తుంది. 100 స్టెప్‌లు పెట్టినా ఇంకా 3 శాతం ఉంటుంది. గాలికి కోడ్ చెప్పిన 2 కంటే ఎక్కువ! మీ మోడల్ ఏ పద్ధతిలో నడుస్తోందో ఒకసారి చూసుకోమ్మా.

ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి, అంటే చాలా చిన్న టైమ్ స్టెప్‌లతో నేరుగా ముందుకు లెక్క కట్టే పద్ధతి వాడేవాళ్లకు ఒక్క మాట. రేలీ బీటా పెంచితే స్టేబుల్ టైమ్ స్టెప్, అంటే లెక్క చెదరకుండా వాడగల అతి పెద్ద స్టెప్, తగ్గుతుంది. అత్యధిక ఫ్రీక్వెన్సీ దగ్గర డాంపింగ్ క్రిటికల్ వరకూ చేరితే స్టెప్ 41 శాతానికి పడిపోతుంది. రాత్రి పెట్టిన రన్ పొద్దునకు అవ్వకపోతే అక్కడ వెతకండి.

ఇంకో ప్రశ్న ముందు వరుసనుంచి, "మరి ఏ అంకెతో మొదలుపెట్టాలి సర్?" కొలిచిన అంకె ఉంటే దానితో. కట్టేసిన బిల్డింగు పైన యాక్సెలరోమీటర్లు పెట్టి మామూలు గాలికి వచ్చే సన్నటి కదలికనుంచి జీటా తీయవచ్చు. అది చిన్న కదలికకు చెల్లే విలువ అని పక్కన రాయండి. కొలత లేకపోతే కోడ్ విలువ, ఏ లోడుకు ఏ కోడో పేరుతో సహా రాయండి. బోల్టులు, రబ్బరు, డాంపర్లు, నేల ఉంటే వాటిని వాటి ఎలిమెంట్లతోనే పెట్టండి, అన్నిటినీ ఒక్క జీటాలో కలిపేయకండి. రన్ అయ్యాక ఎనర్జీ లెక్క తీయండి. బయటినుంచి వచ్చిన శక్తి ఎంత, ప్లాస్టిక్‌గా ఎంత పోయింది, రాపిడిలో ఎంత, విస్కస్‌లో ఎంత, లెక్కకు అందనిది ఎంత. విస్కస్ వాటా ప్లాస్టిక్ కంటే ఎక్కువుందంటే, ఆ భూకంపాన్ని మీ ఫ్రేము కాదు, మీ ఆల్ఫా బీటాలే మోస్తున్నాయి. ఈ పట్టిక రిపోర్టులో పెట్టని రన్‌ను నేను నమ్మను.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక మామూలు కాంటిలీవర్ తెరుస్తున్నాను. డాంపింగ్ అన్ని చోట్లా సున్నా. కొన లాగి వదిలేద్దాం, మూడు వేరు వేరు టైమ్ స్టెప్‌లతో. పక్క పక్క శిఖరాల నిష్పత్తికి నేచురల్ లాగరిథమ్ తీసి రెండు పైతో భాగిస్తే వచ్చేది జీటా. ఆ సున్నా మోడల్‌లో ఎంత వస్తుందో మీరే లెక్క కట్టి చెప్పండి. మీ దగ్గర ల్యాప్‌టాప్‌లు ఉంటే మీ సాల్వర్‌లో కూడా ఇదే చేయండి. ఎవరికి ఎంత వచ్చిందో బోర్డు మీద రాద్దాం.